భద్రత్త ఎక్కితేగాని కదలని పడవ

చినతొట్టిపర్రులో ఉప్పుటేటి గట్టున వివేకం వారి ఇల్లు ఉంది. ఇంటిపేరే వివేకం. మిగతావాళ్ళు తెలివి సంపాదించుకోవాలి, మాకు మాత్రం పుట్టుకతోనే ఇంటిపేరుగా వచ్చేసిందని ఆ ఇంటి అన్నదమ్ములు దారినపోయే వాళ్ళని ఆపి మరీ చెప్పేవారు. పెద్దాయన నాగభూషణం, చిన్నవాడు కోటిలింగం. పెద్దాయన భార్య మాణిక్యమ్మ, చిన్నవాడి భార్య వరహాలమ్మ. నలుగురూ నలుగురే, ఒకరిని చూసి ఒకరు సిగ్గుపడాల్సిన పని లేదు.

వాళ్ళ తెలివి ఎలాంటిదో ఒక్క ముక్కలో చెబుతాను. ఇంటికి దీపం ఇల్లాలు అని ఒక పెళ్ళిలో ఎవరో పెద్దమనిషి అంటే నాగభూషణం విన్నాడు. అంతే. అప్పటినుంచి కరెంటు పోయినప్పుడల్లా మాణిక్యమ్మని తీసుకొచ్చి నట్టింట్లో నిలబెట్టేవాడు. అయినా చీకటి పోకపోతే, కాస్త మొహం కడుక్కుని రావే అనేవాడు. ఆవిడా వెళ్ళి కడుక్కుని వచ్చి నిలబడేది.

ఆ ఇంట్లో ఐదో మనిషి కూడా ఉంది. అన్నదమ్ములకి మేనత్త, పేరు భద్రమ్మ. మొగుడు పోయాక పుట్టింటికి చేరింది. మేనల్లుళ్ళు భద్రత్త అని పిలిస్తే ఊరంతా భద్రత్త అనే అనేది. వెనక వసారాలో, పాత వలల గుట్ట పక్కన ఆవిడ మంచం. అందరూ తిన్నాక గిన్నె అడుగున ఏది మిగిలితే అది ఆవిడ భోజనం. దుర్మార్గం కాదు లెండి, మరుపు. తెలివి గలవాళ్ళకి ఆలోచనలు ఎక్కువ కదా, ముసలివాళ్ళు గుర్తుండరు.

భద్రత్తకి తిండి గురించి బెంగ లేదు, చీర గురించి బెంగ లేదు. ఆవిడకున్న భయమల్లా నీళ్ళు. ఏటి ఒడ్డున పుట్టి పెరిగి కూడా చీలమండ తడిసేంత లోతుకి మించి దిగి ఎరగదు.

ఇలా ఉండగా ఒక ఏడు రొయ్యలు బాగా కలిసొచ్చాయి. చుట్టుపక్కల ఆసాములు కార్లు కొన్నారు. వివేకం వారు వాళ్ళని చూసి నవ్వుకున్నారు. ఇంటి ముందు ఏరు పెట్టుకుని కారు కొనే తెలివితక్కువవాళ్ళం కామన్నారు. అని, షికారు పడవ కొన్నారు. చేపలు పట్టడానికి కాదు, ధాన్యం వెయ్యడానికి కాదు, ఊరికే కూర్చుని తిరగడానికి. తెల్లటి ఫైబరు పడవ, పక్కన నీలం గీత.

పడవ అమ్మింది పట్నంలో సాల్మన్ రాజు గారు. చాలా పద్ధతైన మనిషి. ఆయన మాట్లాడే తెలుగు గోడల మీద పెద్దక్షరాలతో రాయించే తెలుగు. మనం జాగ్రత్త అనే చోటల్లా ఆయన భద్రత అంటాడు. కొంప ముంచింది ఆ మాటే.

"పడవ కొనగానే సరిపోదండీ. పడవలో ఎప్పుడూ భద్రతే ముందు. భద్రత లేకుండా పడవ గట్టు వదలకూడదు. భద్రతని పట్టించుకోకపోతే ఏదో ఒకరోజు ఇంటిల్లిపాదీ పోతారు" అన్నాడాయన.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చినతొట్టిపర్రులో భద్రత అనే మాట ఎవరూ వాడి ఎరగరు. భద్రత్త మాత్రం ఉంది. మన వెనక వసారాలో ఉన్న ముసలమ్మ సంగతి పట్నంలో ఈయనకెలా తెలిసిందా అని కోటిలింగం నోరు తెరిస్తే, పెద్దింటి సంగతులు దాచినా దాగవురా అన్నాడు నాగభూషణం. భద్రత కోసం ఖర్చు పెట్టడానికి వెనకాడకండి అని కూడా సాల్మన్ రాజు అనేసరికి ఇద్దరికీ తల తీసేసినట్టయింది. ఆవిడకి చీర కొని ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తు రాలేదు.

తర్వాత ఆయన సామాన్లు చూపించాడు. ఒక్కొక్కటే చేతికిచ్చి ఎలా వాడాలో చెప్పాడు. ఇవి లైఫ్ జాకెట్లు, పడవెక్కే ముందే తొడుక్కోవాలి. ఇది లంగరు, పడవ ఆగాలంటే నీళ్ళలో వెయ్యాలి. ఇది తాడు, ఎవరైనా నీళ్ళలో పడితే వాళ్ళకి విసరాలి. ఇది ఈల, ఆపద వస్తే తప్ప ఊదకూడదు. ఈ ఎర్ర సిలిండరు మంటలార్పడానికి, మంట అని వినబడగానే పిన్ను లాగి గొట్టం దానిమీదకి పెట్టి నొక్కాలి, ఆలోచిస్తూ కూర్చోకూడదు. పడవలో నీళ్ళుంటే ఈ డబ్బాతో తోడి పారెయ్యాలి. పడవ వెనక అడుగున కన్నం, దానికి బిరడా ఉంది. గట్టు మీదకి లాగాక ఆ బిరడా తీస్తే లోపలి నీళ్ళు పోతాయి.

అన్నిటికీ అన్నదమ్ములు తలూపారు. వివేకం వారికి ఒకసారి చెబితే చాలన్నారు. మొదటి షికారు రోజున నేనే వచ్చి చూస్తానని సాల్మన్ రాజు మాటిచ్చాడు. పాపం, ఆయన కొంచెం ముందొచ్చి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి అన్నదమ్ములు తిన్నగా వెనక వసారాలోకి వెళ్ళి భద్రత్త కాళ్ళ మీద పడ్డారు. ఆవిడ ఎవరో పోయారనుకుని ఏడుపు మొదలుపెట్టింది. కాదత్తా, నువ్వెక్కకపోతే మేం పోతామట అన్నాడు కోటిలింగం. ఇంకేముంది, మంచం వసారాలోంచి ముందు గదిలోకి వచ్చింది. కొత్త చీర వచ్చింది. ఆ పూట మొదటి వడ్డన ఆవిడకే. వేడన్నంలో నెయ్యి వేసేసరికి భద్రత్త విస్తరి వైపు చాలాసేపు చూస్తూ కూర్చుంది.

తిన్నాక మాత్రం నిక్కచ్చిగా చెప్పింది.

"ఒరే నాగభూషణం, నేను పడవెక్కనురా. నీళ్ళు చూస్తేనే నాకు గుండె జారిపోద్ది."

నాగభూషణానికి కళ్ళు చెమర్చాయి. ఎన్నేళ్ళు పట్టించుకోకుండా వదిలేశామత్తా, ఇంక వదలం, పడవ కదిలిన ప్రతిసారీ నువ్వు ముందుండాల్సిందే అన్నాడు. ప్రతిసారీనా అంది భద్రత్త. ప్రతిసారీ అన్నాడు. ఆవిడ ప్రాణం సగం అక్కడే పోయింది. కానీ ఇన్నాళ్ళకి తనని బతిమాలే మనుషులు దొరికితే కాదనడం ఎవరికైనా కష్టమే. ఒక్కసారికి చూద్దామంది.

ఇక జాకెట్ల సంగతి. సాల్మన్ రాజు ఇచ్చిన సంచి విప్పి చూసి నాగభూషణం మొహం మాడ్చుకున్నాడు. మీసాలున్న మగవాళ్ళం జాకెట్లు తొడుక్కుని ఊరి ముందు తిరగాలా, ఆయనకి మతి పోయినట్టుంది, ఇవి ఆడవాళ్ళకై ఉంటాయి అన్నాడు. ఆడవాళ్ళు సంతోషంగా తీసుకున్నారు. తొడుక్కుని చూస్తే గాలాడదు, చెయ్యి దించితే దిగదు. ఎవడో తెలివితక్కువ దర్జీ లోపల దిండు పెట్టి కుట్టాడు అక్కా అంది వరహాలమ్మ.

అంతే. ఇద్దరూ జాకెట్లన్నీ మూటగట్టి టైలరు నాగూరు దగ్గరికి పట్టుకెళ్ళారు. లోపలున్న స్పాంజి అంతా పీకించారు. హుక్సులు పెట్టించారు, చేతులు కుట్టించారు, వెనక రెండు కుచ్చులు కూడా వేయించారు. నారింజ రంగు జాకెట్ల మీదకి నారింజ రంగు చీరలు తెచ్చుకున్నారు. పీకిన స్పాంజి పారెయ్యడానికి మనసొప్పక పెద్ద దిండు కుట్టించి, పడవలో నడుం నొప్పెట్టకుండా కూర్చోమని భద్రత్తకి ఇచ్చారు. ఆ ఇంట్లో వాళ్ళు చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది. అదీ తెలియక చేసిందే.

షికారు రోజు వచ్చింది. సాల్మన్ రాజు ఇంకా బస్సు దిగలేదు. ఆటు మొదలైతే నీరు సముద్రం వైపు లాగేస్తుంది, ఆయన వచ్చేదాకా ఆగండని వలలు విప్పుకుంటున్న వాళ్ళు చెప్పారు. వివేకం వారికి వలవాళ్ళు చెప్పడమా. సామాన్లన్నీ పడవలో పెట్టారు. భద్రతే ముందు అన్నారు కనక భద్రత్తని పడవ ముక్కు మీద, దిండు వేసి కూర్చోబెట్టారు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, తెలిసిన దేవుళ్ళనీ తెలియని దేవుళ్ళనీ పిలుచుకుంటోంది. పడవ కదిలింది.

కొంచెం దూరం పోయాక కోటిలింగం ఉలిక్కిపడ్డాడు. పడవలో నీళ్ళున్నాయన్నయ్యా అన్నాడు. ఎక్కడున్నాయంటే, మాణిక్యమ్మ పక్కన బిందెలో. తాగడానికి తెచ్చిన మంచినీళ్ళు. పడవలో నీళ్ళుంటే ఏం చెయ్యమన్నారు? తోడి పారెయ్యమన్నారు. కోటిలింగం డబ్బా తీసుకుని బిందె ఖాళీ అయ్యేదాకా తోడి పారేశాడు. శభాష్ రా, నేను చూసుకోలేదు అని అన్నగారు మెచ్చుకున్నాడు.

తర్వాత ఫలహారం విప్పారు. బజ్జీ మిరపకాయలు దొరకలేదని మాణిక్యమ్మ మామూలు పచ్చిమిరపకాయలే పిండిలో ముంచి వేయించి తెచ్చింది. నాగభూషణం ఒక బజ్జీ నిండుగా నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు. నీళ్ళు లేనిది బిందెలోనే. చుట్టూ ఉన్నది ఉప్పునీరు. మంట, మంట అని గంతులేశాడు.

మంట అని వినబడగానే ఆలోచిస్తూ కూర్చోకూడదు కదా. ఎక్కడన్నయ్యా అన్నాడు కోటిలింగం. నోట్లో అన్నాడు నాగభూషణం, అని నోరు తెరిచాడు. ఇంకేముంది, పిన్ను లాగాడు, గొట్టం నోటికెదురుగా పెట్టాడు, నొక్కాడు. బుస్సుమని తెల్లటి పొడి వచ్చింది. పొగంతా పోయాక చూస్తే నాగభూషణం ముగ్గు డబ్బాలో పడ్డ పిల్లిలా ఉన్నాడు. మీసం ఎక్కడుందో తెలియలేదు. మంట తగ్గిందా అని అడిగాడు తమ్ముడు. తగ్గింది గాని ఇప్పుడు ఊపిరాడటం లేదని చేత్తో సైగ చేశాడు.

మొహం కడగాలని కోటిలింగం ఏట్లో నీళ్ళు డబ్బాతో ముంచి అన్న మొహాన కొట్టాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ కొట్టాడు. మొహం మీద కొట్టిన నీళ్ళు ఎక్కడికి పోతాయి, పడవలోకే. చూస్తుండగానే పాదాలు తడిసేంత చేరాయి. ఈసారి నిజంగానే పడవలో నీళ్ళున్నాయి. డబ్బాతో తోడి పారెయ్యమన్నారు కనక కోటిలింగం నిండుగా తోడి, బలమంతా పెట్టి పారేశాడు. డబ్బాతో సహా.

ఇప్పుడు ఏం చేద్దామంటే, ముందు పడవ ఆపి తీరిగ్గా ఆలోచిద్దామన్నాడు నాగభూషణం, పొడి ఉమ్ముతూ. లంగరు ఎత్తి నీళ్ళలో వేశారు. దానికి తాడు కట్టమని సాల్మన్ రాజు విడిగా చెప్పలేదు. తాడు మనుషులకి విసరడానికని చెప్పాడు, లంగరు మనిషి కాదు కదా. లంగరు వెళ్ళి ఏటి అడుగున చక్కగా ఆగింది. పడవే ఆగలేదు. ఆటు అందుకుని సముద్రం వైపు పోతోంది.

భద్రత్త కళ్ళు తెరిచింది. ఒరే, గట్టెక్కడికి పోయిందిరా అని అడిగింది. గట్టు ఉన్నచోటే ఉందత్తా, మనమే పోతున్నాం, భయపడకు అని కోటిలింగం ధైర్యం చెప్పాడు.

అప్పుడు నాగభూషణానికి బిరడా గుర్తొచ్చింది. ఆ ఇంటి తెలివంతా ఆ ఒక్క ముహూర్తంలో వెలిగింది. ఇంత తేలిక ఉపాయం పెట్టుకుని డబ్బాలెందుకురా, బిరడా తియ్ అన్నాడు. కోటిలింగం వెనక్కి పాకి బిరడా లాగేశాడు.

"నీళ్ళు పోతున్నాయా?" అని అడిగాడు అన్న.

"పోతున్నాయన్నయ్యా. కాకపోతే లోపలికి పోతున్నాయి."

"ఎటు పోతాయో ఆయన చెప్పలేదు. ఉండు, తర్వాత బయటికి పోతాయేమో చూద్దాం."

చూశారు. చీలమండలు దాటాయి, పిక్కలు దాటాయి. ఆడవాళ్ళ నారింజ చీరలు తడిసి కాళ్ళకి చుట్టుకుంటున్నాయి. ఈల ఊదండని మాణిక్యమ్మ మొత్తుకుంది. ఈల నాగభూషణం మెళ్ళోనే వేలాడుతోంది. ఆపద వస్తే తప్ప ఊదకూడదన్నారు, ఊరికే ఊదితే మాట పోతుంది అన్నాడాయన.

"మునుగుతున్నాం కదండీ."

"మునుగుతున్నాం. ఇంకా మునగలేదు. మునిగాక ఊదుదాం."

భద్రత్తకి నీళ్ళ భయం కంటే ఒళ్ళుమంట ఎక్కువైంది. దిండు చంకన పెట్టుకుని, వెనక్కి తిరిగి వంగి, పెద్ద మేనల్లుడి మెళ్ళో ఈల పుటుక్కున తెంపేసింది.

"మునిగాక ఊదితే బుడగలొస్తాయి గాని ఈల రాదురా సన్నాసీ" అని, ఆ ఈల నోట్లో పెట్టుకుని ఊదింది. పళ్ళు లేని నోరు, అయినా ఏటికి ఆ ఒడ్డునున్న కొంగలు లేచిపోయాయి. వలవాళ్ళు తలెత్తి చూసి పడవలు తోశారు.

సరిగ్గా అప్పుడే వెనక భాగం నీళ్ళలోకి దిగి ముక్కు పైకి లేచింది. భద్రత్త జారి నీళ్ళలో పడింది. పడి, మునగలేదు. చంకన ఉన్న దిండు ఆవిడని పైకి లేపింది. ఆవిడ దిండుని కావలించుకుని, ఈల ఊదుకుంటూ ఆటులో కొట్టుకుపోతోంది. ఎవరైనా నీళ్ళలో పడితే ఏం చెయ్యాలో కోటిలింగానికి బాగా గుర్తుంది. తాడు చుట్ట విప్పకుండా అలాగే ఎత్తి విసిరాడు. గురి మాత్రం తప్పలేదు, తిన్నగా వెళ్ళి ఆవిడ చేతుల్లోనే పడింది.

"అందిందిరా. ఆ కొస పట్టుకుని లాగు."

"ఏ కొసత్తా? రెండు కొసలూ నీ దగ్గరే ఉన్నాయి."

భద్రత్త ఏమందో నేను రాయను, ఇంట్లో పిల్లలు కూడా వింటారు.

వలవాళ్ళు వచ్చేసరికి నలుగురు వివేకం వారూ బోర్లాపడ్డ పడవ అంచు పట్టుకుని వేలాడుతున్నారు. ఆడవాళ్ళ జాకెట్లు ఎంత చక్కగా కుట్టినా ఉత్త గుడ్డలే, రాళ్ళు కట్టినట్టు కిందికి లాగేస్తున్నాయి. ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే ఇంటిపేరు చెప్పుకోడానికి మనిషి మిగిలేవాడు కాదు. ఈల వినబడ్డ దిక్కుగా వెళ్ళి భద్రత్తని కూడా దిండుతో సహా ఎత్తి పడవలో వేసుకున్నారు. ఆవిడ చేతుల నుంచి ఆ దిండు ఊడదీయడం ఎవరివల్లా కాలేదు.

గట్టుకి చేరేసరికి సాల్మన్ రాజు బస్సు దిగి నిలబడి ఉన్నాడు. వలవాళ్ళు బోర్లాపడ్డ పడవని కూడా లాక్కొచ్చి, తిప్పి, నీళ్ళు వంపి, కన్నంలో గుడ్డ కుక్కి, తమ తాడొకటి కట్టి ఆ కొస అన్నదమ్ముల చేతికిచ్చి, ఇది వదలకండి, ఆటు ఇంకా లాగుతోంది అని చెప్పి పోయారు. అన్నదమ్ములు నాలుగు చేతులా తాడు పట్టుకుని నిలబడ్డారు.

సాల్మన్ రాజు ఒక్కొక్క సామాను సంగతీ అడిగాడు. లంగరు ఏటి అడుగున ఉంది. డబ్బా కొట్టుకుపోయింది. సిలిండరు అన్నయ్య నోట్లో ఖాళీ అయింది. స్పాంజి దిండయింది. బిరడా ఎక్కడుందో బిరడాకే తెలియాలి. వింటున్న కొద్దీ ఆయన మొహంలో రంగు మారిపోయింది.

చలికి వణుకుతూ నేలమీద కూర్చున్న భద్రత్తకి మాత్రం ఒకటే ఆలోచన. ఇంకోసారి ఈ పడవ ఎక్కిస్తే నేను బతకనయ్యా అని సాల్మన్ రాజుతో చెప్పింది. ఆయన అయ్యో అనేలోపే నాగభూషణం అడ్డుపడ్డాడు. అలా అంటే ఎలాగత్తా, ఇవాళ మన ప్రాణాలు నిలబెట్టింది భద్రత్తే అని ఊరంతా చూసింది, రేపు పొద్దున్నే మళ్ళీ తీసుకెళ్తాం అన్నాడు. ఆవిడ మొహం పాలిపోయింది. మొన్నటిదాకా ఎవరికీ గుర్తులేని మనిషి, ఇవాళ గుర్తున్నందుకు చావాల్సొచ్చింది.

సాల్మన్ రాజు రెండు చేతులూ జోడించాడు.

"మీకు నేనేం చెప్పగలనయ్యా. ఎవరు ఎన్ని చెప్పినా ఒకటే. మీ భద్రత మీ చేతుల్లోనే ఉంది."

అన్నదమ్ములు తమ చేతుల వైపు చూసుకున్నారు. చేతుల్లో తాడు ఉంది. భద్రత్త లేదు. ఆవిడ నేల మీద ఉంది. ఎంత తప్పు చేశామని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అంతే. తాడు వదిలేసి, చెరోవైపు వంగి, భద్రత్తని అమాంతం చేతుల్లోకి ఎత్తుకున్నారు.

పడవ మెల్లగా గట్టు వదిలింది.

పడవ పోతోంది, తాడు పట్టుకోండయ్యా అని సాల్మన్ రాజు అరిచాడు. చేతులు ఖాళీ లేవండి, భద్రత్త ఉంది అని నాగభూషణం వినయంగా జవాబు చెప్పాడు. ఆవిడని దించి పట్టుకోండి అన్నాడాయన. ఆ మాటకి అన్నదమ్ములిద్దరూ ఆయన్ని జాలిగా చూశారు. ఇప్పుడే కదండీ చేతుల్లో ఉండాలన్నారు, ఇంతలోనే మరిచిపోతే ఎలా, వివేకం వారిని పరీక్ష చెయ్యాలనా అన్నాడు కోటిలింగం. సాల్మన్ రాజు తానే పరుగెత్తాడు గాని, తాడు కొస అప్పటికే నీళ్ళ మీద పాములా సాగిపోయింది. తెల్లటి కొత్త పడవ, నీలం గీతతో, ఎవరూ ఎక్కకుండానే సముద్రం షికారుకి బయల్దేరింది.

భద్రత్త మేనల్లుళ్ళ చేతుల్లోంచి మెడ సారించి, ఆ పడవ మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూసింది. తర్వాత దిండు గుండెల మీద సర్దుకుంది.

"ఒరే నాయనా, సరిగ్గా పట్టుకోండి. దించేరు సుమా" అంది.

దించలేదు. ఆ చేతులతోనే ఊరంతా తిప్పి, ముందు గుమ్మంలోంచి ఇంట్లోకి తీసుకెళ్ళారు. చేతులు ఖాళీ లేవు కనక ఆ పూట అన్నదమ్ములిద్దరికీ పెళ్ళాలే అన్నం కలిపి నోట్లో పెట్టారు. భద్రత్తకి మాత్రం అందరికంటే ముందు పెట్టారు. ఇప్పటికీ చినతొట్టిపర్రు వెళితే వంతులవారీగా ఆవిడని మోస్తున్న వివేకం వారు కనబడతారు. దించమని ఆవిడ ఇంతవరకూ అడగలేదట.